వెనక చక్రం కబురు

సైకిలు టైరులో గాలి వుందో లేదో చూడటానికి నాకు బొటనవేలు చాలేది. అలాంటి నన్ను 2019 జూనులో మా అబ్బాయి అమెరికాలో ఇల్లులాంటి బండి ఎక్కించాడు. మంచాలు, పొయ్యి, స్నానాలగది అన్నీ చక్రాల మీదే! దాని వెనకాల, ఊళ్ళో తిరగడానికని కోడలి కారును కడ్డీతో తగిలించి, నాలుగు చక్రాలూ నేలమీద దొర్లిస్తూ లాక్కుపోవడం. ఇలా లాగే కారును అక్కడివాళ్ళు కప్ప అంటారు. ఇంగ్లీషులో ‘లాగబడేది’ అన్న మాటా, కప్ప అన్న మాటా చెవికి ఒకటే.

ఫీనిక్సు నుంచి ఫ్లాగ్‌స్టాఫ్‌కు ప్రయాణం. సుమారు 1,100 అడుగుల ఎత్తునుంచి 7,000 అడుగులకు ఎక్కాలి. తెల్లవారకుండానే అబ్బాయి పెద్దబండి చక్రాలు ఆరూ, కారువి నాలుగూ గొంతుక్కూర్చుని కొలిచాడు.

“ఎండెక్కాక చూసుకోకూడదుట్రా?” అన్నాను.

“వేడికి లెక్క పెరుగుతుంది నాన్నా. పది ఫారన్‌హీటు డిగ్రీలకు సుమారు ఒక పౌండు. అది చూసి గాలి తీసేస్తే, చల్లారాక తక్కువైపోతుంది.”

“పొంగిన పాలు చూసి ఎక్కువున్నాయనుకోకూడదన్నమాట” అంది మా ఆవిడ. నాకు అప్పుడు బోధపడింది.

గాలి తగ్గితే దీపం వెలిగే ఏర్పాటు 2008 మోడలు నుంచి అక్కడి కొత్త కార్లన్నిటికీ చట్టప్రకారం వుండాలి. అయితే ఆ దీపం వెలిగేది కారులో. లాగే కారులో మనిషెవరు? 10,000 పౌండ్లు దాటిన బండికి ఆ చట్టం వర్తించనే వర్తించదు. అంత బరువు తోలేవాడికి వెనకాల కారు టైరు చదునైపోయినా కుదుపు తెలియదు. అందుకని మావాడు ప్రతి చక్రానికీ గాలి ఎక్కించే మూతి మీద బొత్తామంత యంత్రం బిగించాడు. కబుర్లన్నీ స్టీరింగు పక్కన చిన్న తెరమీదకు వస్తాయి.

సగం కొండ ఎక్కామో లేదో, అది కీచుమంది. కారు ఎడమవైపు వెనక చక్రం 34 నుంచి 27, చూస్తుండగానే 22. అబ్బాయి మాటాడకుండా వేగం తగ్గించి, వెడల్పాటి జాగా చూసి ఆపాడు. టైరులో మేకు! చెయ్యిపెడితే కాలుతోంది. రోడ్డు పక్కన మోకాలెత్తు గడ్డి, అగ్గిపుల్ల గీస్తే చాలన్నంత ఎండి వుంది.

ఆ గడ్డి సంగతి సాయంత్రం విడిదిలో పక్కబండి పెద్దాయన చెప్పాడు. ఆయనకు ఒకసారి ఓ లారీవాడు హారను కొట్టి వెనక్కి చెయ్యి చూపించాడట. పలకరింపు కాబోలని ఈయనా చెయ్యూపాడట! ఆపేసరికి టైరు లేదు, ఒట్టి ఇనుము రోడ్డుకు రాసుకుని నిప్పురవ్వలు. దైవవశాత్తు ఆవేళ వాన పడి గడ్డి తడిగా వుంది.

మర్నాటినుంచి ఆ తెర ముందు ఉద్యోగం మా ఆవిడ పుచ్చుకుంది. “కుడివైపు ముందుది 34, ఎడమవైపు వెనకది 33” అంటూ గ్రాండ్ కాన్యన్ వచ్చేదాకా చదువుతూనే వుంది. లోయ వచ్చింది దిగమంటే, “వుండండి, ఇంకా రెండు చూడాలి” అంది.