వాసన ఎప్పుడొస్తుంది?

అబ్బాజాన్ వదిలివెళ్లిన పాత కారులో మాడిన వాసన. రోజూ రాదు, వస్తే మాత్రం అమ్మీ ఖాంసీ ఆగదు. అత్తరు సీసా పెడితే మర్జ్ పోతుందా?

మెకానిక్ ఉస్తాద్ బానెట్ ఎత్తకముందే సవాల్ వేశాడు: "ఎప్పుడొస్తుంది భాయ్? పోతుంటేనా, ఆగితేనా?"

సిగ్నల్ దగ్గర ఆగితేనే.

"అయితే ఆయిల్ చూడాలి."

ట్యాపెట్ కవర్ ప్యాకింగ్ ఎండిపోయి, ఆయిల్ చుక్కచుక్కగా వేడి మానిఫోల్డ్ మీద పడుతోంది. బండి పోతుంటే ఆ పొగ గాలికి కొట్టుకుపోతుంది, ఆగితే లోపలికొస్తుంది. ప్యాకింగ్ మార్చాడు, వాసన పోయింది.

వెళ్లేముందు ఇంకో మాట చెప్పాడు. తియ్యటి వాసనైతే కూలెంట్. ఘాట్ ఎక్కుతుంటే కాగితం మాడినట్టు వస్తే క్లచ్. ప్లాస్టిక్ కాలినట్టయితే వైరింగ్ అనుకోవాలి. అప్పుడు ఇల్లు దగ్గరే కదా అని నడపొద్దు. ఫౌరన్ పక్కకు ఆపి, ఇంజన్ బంద్ చేసి, పిల్లల్నీ బుజుర్గుల్నీ దించేయాలి. బండి సంగతి తర్వాత.