పుస్తకానికో పాఠకుడు

మంచి పుస్తకం రాయడం ఎంత కష్టమో, అది తగిన పాఠకుడి చేతికి చేరడమూ అంతే కష్టం. రచయిత రాస్తాడు, ప్రచురణకర్త అచ్చు వేయిస్తాడు, గ్రంథాలయం కొని బీరువాలో భద్రపరుస్తుంది. ఆపైన అలాంటి పుస్తకం ఒకటి ఉందని ఎవరో ఒకరు చెప్పాలి. చెప్పేవారు లేకపోతే ఎంతటి గ్రంథమైనా ఉండీ లేనట్లే.

మన సాహిత్య చరిత్రలోనే దీనికి నిదర్శనం ఉంది. నన్నెచోడుని ‘కుమారసంభవం’ చాలాకాలం పండితలోకానికి తెలియకుండా మరుగునపడి ఉంది. మానవల్లి రామకృష్ణకవి దాన్ని వెలికితీసి 1909లో ప్రకటించిన తరువాతే ఆధునిక పాఠకులకు అది పరిచయమైంది. కావ్యం అంతకు ముందూ ఉంది. దాన్ని చూపించే మనిషి అప్పుడు వచ్చాడు. ప్రాచీన కావ్యాల అవతారికల్లో కనిపించే పూర్వకవి స్తుతిని మేము తరగతిలో కవి వినయానికి గుర్తుగా వివరిస్తాం. నాకు అందులో మరో ప్రయోజనం కూడా కనిపిస్తుంది. ఒక కావ్యాన్ని చేతబట్టిన పాఠకుడికి, చదవదగిన మరికొందరు కవుల పేర్లు ఆ మొదటి పద్యాల్లోనే తెలుస్తాయి. ఒక కవి మరో కవికి పాఠకుణ్ణి సంపాదించి పెట్టడమన్నమాట.

ఇరవయ్యో శతాబ్దంలో ఈ బాధ్యతను గ్రంథాలయోద్యమం స్వీకరించింది. పాఠకుడు వచ్చేదాకా వేచి ఉండకుండా, పాతూరి నాగభూషణం 1935లో కృష్ణా కాలువ మీద పడవలో పుస్తకాలను పల్లెలకు చేర్చారు. అంతకు కొన్నేళ్ల ముందే, 1931లో, ఎస్.ఆర్. రంగనాథన్ గ్రంథాలయ శాస్త్రానికి అయిదు సూత్రాలు ఏర్పరచారు. ప్రతి పాఠకుడికీ తగిన పుస్తకం దొరకాలన్నది వాటిలో ఒకటి. ప్రతి పుస్తకానికీ తగిన పాఠకుడు దొరకాలన్నది మరొకటి. మొదటిదాన్ని అందరూ సులభంగా అంగీకరిస్తారు. రెండోదాని లోతు నాకు మా కళాశాల గ్రంథాలయంలో తెలిసివచ్చింది.

ఒక విద్యాసంవత్సరం చివర అక్కడ పుస్తకాల తనిఖీ జరిగింది. చాలా ఏళ్లుగా ఎవరూ తీసుకువెళ్లని పుస్తకాలకు, చోటు చాలక, తొలగింపు జాబితా తయారవుతోంది. అందులో సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ కనిపించింది. 1949లో వెలువడి, 1955లో తెలుగుకు మొట్టమొదటి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం తెచ్చిన గ్రంథమది. లోపల అతికించిన తేదీల చీటీ మీద చివరి ముద్ర వెలిసిపోయి ఉంది. జాబితా రాయడంలో సాయపడుతున్న వాణిజ్యశాస్త్ర విద్యార్థినిని, “దీన్ని ఇన్నేళ్లుగా ఎవరూ ఎందుకు అడగలేదమ్మా?” అన్నాను.

“ఇలాంటిది ఒకటి ఉందని తెలిస్తే కదండీ, అడగడానికి!” అంది ఆ అమ్మాయి.

ఆ మాట నన్ను చాలా రోజులు ఆలోచింపజేసింది. తెలిసినదాన్ని వెతకడం వేరు, తెలియనిదాన్ని కనుగొనడం వేరు. అంతర్జాలంలో పేరు రాస్తే పుస్తకం వివరాలు క్షణంలో కనిపిస్తాయి. ఆ పేరే తెలియనివాడు ఏమి రాస్తాడు? అంతర్జాలపు అంగళ్లు మనకు పుస్తకాలు సూచించే మాట నిజమే. ఎక్కువమంది కొన్నవాటినే అవి తరచుగా ముందుకు తెస్తాయి. అమ్ముడైనది మరింత అమ్ముడవుతుంది. మూలనున్నది మూలనే ఉండిపోతుంది. తొలగింపు జాబితాలోని పుస్తకానికి అక్కడ సిఫారసు దొరకదు.

అందువల్ల అయిదారుగురు విద్యార్థులతో కలిసి, మంచి తెలుగు పుస్తకాలను పరిచయం చేసే ఒక చిన్న వెబ్‌సైటును ప్రారంభించాను. తెలుగులో ఇది కొత్త ఆలోచనేమీ కాదు. 2009లోనే ‘పుస్తకం.నెట్’ ఈ దారిలో నడిచింది. మా ప్రయత్నం అంతకంటే పరిమితమైనది. మా బీరువాల్లో ఉండి, ఎవరి కంటా పడని పుస్తకాలకు పాఠకులను వెతకడమే మా పని. పరిచయాలను యూనికోడ్ లిపిలో రాశాం. అందువల్ల పుస్తకం పేరుతోనే కాక, విషయం పేరుతో వెతికినవారికి కూడా మా పుట కనిపించే వీలు కలిగింది.

పరిచయం ఎలా రాయాలన్న ప్రశ్న వచ్చినప్పుడు నాకు మన శాస్త్రగ్రంథాల సంప్రదాయం గుర్తుకు వచ్చింది. గ్రంథారంభంలోనే నాలుగు సంగతులు తేల్చి చెప్పాలని మన పెద్దలు నియమం పెట్టారు. అవి విషయం, ప్రయోజనం, సంబంధం, అధికారి. దీన్నే అనుబంధ చతుష్టయం అంటారు. ఇక్కడ అధికారి అంటే ఉద్యోగి అని అర్థం కాదు; ఆ గ్రంథాన్ని చదవడానికి తగినవాడు. శాస్త్రంలో సంబంధానికి ఉన్న సాంకేతికార్థాన్ని మేము కొంత విస్తరించి, ఆ పుస్తకానికి ఇతర పుస్తకాలతో ఉన్న చుట్టరికం అని చెప్పుకున్నాం. పుస్తకాన్ని పూర్తిగా చదివినవారే పరిచయం రాయాలనీ, మార్కులు వేయరాదనీ, అది ఎక్కడ దొరుకుతుందో తప్పక చెప్పాలనీ నిర్ణయించుకున్నాం.

మొదటి పరిచయాన్ని ఆ విద్యార్థినే రాసింది. విషయం: రాజుల యుద్ధాలు కాక, కాకతీయుల కాలం, విజయనగర కాలం వంటి యుగాల్లో సామాన్యులు ఏమి తిన్నారు, ఏమి కట్టుకున్నారు, ఏ ఆటలు ఆడుకున్నారు అన్నది. ప్రయోజనం: మన ఇంటి అలవాట్లకూ చరిత్ర ఉందని తెలియడం. సంబంధం: ‘క్రీడాభిరామం’, ‘ఆముక్తమాల్యద’, ‘హంసవింశతి’ వంటి కావ్యాలను రచయిత చారిత్రక సాక్ష్యాలుగా వాడుకున్నాడు గనుక, ఇది చదివినవారు వాటివైపు వెళ్లవచ్చు. అధికారి దగ్గర మాత్రం ఆ అమ్మాయి కలం ఆగింది. “చరిత్ర విద్యార్థులు” అని రాసి కొట్టివేసింది. చివరకు “తాతమ్మల కాలపు కబుర్లు ఇష్టపడే ఎవరైనా” అని రాసింది. నేను ఒక్క అక్షరం కూడా మార్చలేదు.

ఆ వాక్యం చదివి ఒక చేనేత కుటుంబపు పిల్లవాడు ఆ గ్రంథాన్ని తీసుకువెళ్లాడు. అందులోని పాతకాలపు బట్టల పేర్లను రాసుకుని, ఇంట్లో నాయనమ్మకు చదివి వినిపించాడట. ఆమె కొన్నింటిని గుర్తుపట్టింది. కొన్ని తానెన్నడూ వినలేదంది. పుస్తకంలో కనిపించని మరో రెండు పేర్లు తానే చెప్పింది. మా వెబ్‌సైటును ఎందరు చూశారన్న లెక్క కంటే ఈ ఒక్క సంగతి నాకు ఎక్కువ తృప్తినిచ్చింది. పుస్తకం పాఠకుణ్ణి చేరితే, పాఠకుడి దగ్గరున్నది కూడా వెలుగులోకి వస్తుంది. ఆ గ్రంథం పేరు తొలగింపు జాబితాలోంచి పోయింది. జాబితాలోని మిగిలినవాటిలో చాలావాటిని మేము కాపాడలేకపోయాం. అన్నింటినీ చదవడానికి మాకు వ్యవధి చాలలేదు.

సెల్‌ఫోను చదివే అలవాటును చెడగొట్టిందని నా తోటివారు కొందరు అంటుంటారు. ఆ మాటలో కొంత నిజం ఉంది. కానీ ఆ పిల్లవాడు పుస్తకం పేరు చూసింది ఫోనులోనే, చదివింది కాగితం మీద. సాధనం ఏదైనా, చెప్పేవాడి మాటకు విలువ ఉండాలి. ఆ విలువ స్వయంగా చదవడం వల్ల వస్తుంది.

విద్యార్థులారా! ఇందుకు పాండిత్యం అవసరం లేదు. మీ కళాశాల గ్రంథాలయంలో తేదీల చీటీ ఖాళీగా ఉన్న పుస్తకాన్ని ఒకదాన్ని తీసుకోండి. చివరిదాకా చదవండి. నచ్చితే అది దేని గురించో, ఎందుకు చదవాలో, ఎవరికి నచ్చుతుందో మీ మాటల్లో నాలుగు వాక్యాలు రాసి స్నేహితుడికి చూపండి. నచ్చకపోతే ఆ మాటా చెప్పండి. అప్పుడే మీ మెప్పుకు విలువ. తేదీల చీటీ మీద ఒక్క ముద్ర పడినా ఆ పుస్తకం ఆయుష్షు పెరుగుతుంది.