రాష్ట్రము, రాజ్యము

సిల్తారాలో ఉదయమున వార్తాపత్రికను విప్పుటకు ముందు దానిని ఒకసారి దులుపవలయును. రాయపూరు నుండి బిలాసుపూరు పోవు రహదారిమీది ఈ యూర స్పంజి ఇనుము చేయు కార్ఖానాలు విస్తారము. వాని నల్లని ధూళి అరుగుమీదను, ఆరవేసిన బట్టలమీదను, అచ్చక్షరములమీదను పక్షపాతము లేక వ్రాలును. 2025 సెప్టెంబరు 22వ తేదీన నేనట్లు దులిపి విప్పిన హిందీ పత్రికలో, బ్రిటను పాలస్తీనాను 'రాష్ట్రము'గా గుర్తించినదని యుండెను. తెలుగువాడను గనుక నాకు క్షణకాలము నవ్వు వచ్చినది. మనకు రాష్ట్రమనగా ఛత్తీస్‌గఢ్ వంటిది, స్వతంత్రమైనది రాజ్యము. హిందీవారికి ఛత్తీస్‌గఢ్ రాజ్యము, భారతదేశము రాష్ట్రము. ఒకే సంస్కృతపదములను తెచ్చుకొని రెండు భాషలు తారుమారుగా ధరించినవి.

నవ్వు నిలువలేదు. 2000 నవంబరు 1వ తేదీ నాకు జ్ఞాపకము వచ్చినది. నాడు కార్ఖానాలో చలానులు వ్రాయుచుంటిని. మధ్యప్రదేశ్‌లో పరుండి ఛత్తీస్‌గఢ్‌లో లేచితిని. పాత చిరునామా గల రబ్బరు ముద్రనే మరికొన్నాళ్ళు వాడితిమి, ఎవ్వరును ఆక్షేపింపలేదు. ఎవని పొలమును కదలలేదు. పార్లమెంటు చట్టము చేసినది, అంతియే.

పాలస్తీనీయులకట్టి పార్లమెంటు లేదు. వారు లోకమందలి ఒక్కొక్క రాజధాని వాకిట నిలువవలసి వచ్చినది. 1980 జూన్‌లో వెనీసునందు నాటి ఐరోపా సమాజపు తొమ్మిది దేశములు వారి స్వయంనిర్ణయాధికారమును అంగీకరించినవి. 1988 నవంబరు 15న అల్జీర్సులో వారు స్వాతంత్ర్యము ప్రకటించుకొనగా, మూడు దినములలో మన దేశము గుర్తించినది. తూర్పు ఐరోపాలోనివి పెక్కు గుర్తించినవి. పశ్చిమమువారు మాత్రము సంధి కుదిరిన పిమ్మట చూతమనిరి. పాలస్తీనా ఉద్యోగుల జీతములకు సాయము చేసిరి గాని, ఆ జీతములిచ్చుదానిని రాజ్యమని పిలువరైరి. స్వీడన్ 2014 అక్టోబరు 30న, ఐర్లండు, నార్వే, స్పెయిను 2024 మే 28న ఆ మాట పలికినవి. 2024 ఏప్రిల్ 18న భద్రతామండలిలో పూర్తి సభ్యత్వమునకు 12 ఓట్లు వచ్చినను అమెరికా వీటో చేసినది. బ్రిటను తటస్థముగా నుండెను. 1917లో బాల్ఫర్ లేఖ వ్రాసి, 1948 వరకు ఆ నేలనేలిన బ్రిటను! పదునేడు నెలలకు దానికి నోరు వచ్చినది; మరునాడు ఫ్రాన్సు పలికినది. అప్పటికి గాజా చాలవరకు శిథిలమైయుండెను. పశ్చిమతీరమున ఇజ్రాయెలీల వలసయిండ్లు పెరుగుచుండెను.

మా తాతగారి పెట్టెలో హాలీ సిక్కా రూపాయి యొకటి యుండెడిది. హైదరాబాదునకు సొంత నాణెము, రైలు, సైన్యము ఉండెను. నిజాము 1948 ఆగస్టులో భద్రతామండలికి విన్నవించుకొనెను. సెప్టెంబరు 16న మండలి పారిసులో ఆ మొర నాలకించినది. 17న నిజాము పోరు మానినట్లు ప్రకటించెను. ఆ దినముననే యెరూషలేములో సమితి మధ్యవర్తి, స్వీడన్ దేశస్థుడు బెర్నడోటు కాల్చి చంపబడెను. తాతగారు ఆ రూపాయిని దాచిరి గాని ఆ రాజ్యము కావలెనని ఎన్నడును కోరలేదు; ఇరుగుపొరుగున కోరినవారును అరుదే. హంగులన్నియు కలిగి, ప్రజలకు వలదైన రాజ్యమది. పాలస్తీనీయులకు కోరిక కలదు, 150కి పైగా దేశముల పత్రములు కలవు; తమ వాకిటి తాళము తమ చేతిలో లేదు.

పత్రము వ్యర్థమని నేననజాలను. జీవితమంతయు చలానులు వ్రాసినవాడను; అది లేని లారీని ఎంత సరకున్నను దారిలో నిలిపివేయుదురు.

ఇదంతయు ఆ నాడు కాటా వద్ద పనిచేయు ఛత్తీస్‌గఢీ కుఱ్ఱవానికి చెప్పితిని. అతడు లారీ తూకము వ్రాసికొనుచు, "చలాను చేతికి వచ్చినది గదా కకా, మఱి బండి గేటు దాటినదా?" అని యడిగెను.

"ఇంకను లేదు" అంటిని.

వెనుక మఱియొక లారీ కూత వేయుచుండెను. అతడు లేచి పోయెను.