గోడ మీద ప్లాటినం

ఏప్రిల్ 8, 2024, సోమవారం

రేపు ఉగాది. మధ్యాహ్నానికే ఆఫీసు సగం ఖాళీ అయింది. నా ముందు హైదరాబాదు ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో లేస్తున్న ఒక ఆఫీసు టవర్ గ్రీన్ రేటింగు కాగితాలున్నాయి. గోల్డ్ ఖాయం. ప్లాటినానికి నాలుగు పాయింట్లు తక్కువ. యజమాని పొద్దున్నుంచి మూడుసార్లు ఫోన్ చేశారు. "నాలుగే కదండీ, ఎక్కడో ఒకచోట చూడండి" అంటారు. సైకిళ్ల స్టాండుకొక పాయింటు, కరెంటు కార్ల చార్జింగుకొక పాయింటు. అలా ఏరుకుంటూ పోతే నాలుగూ దొరుకుతాయి.

అసలు పని చేయాల్సింది పడమటి గోడ మీద. నేల నుంచి పై అంతస్తు దాకా అద్దమే. సగం మేర ఇటుక గోడ కట్టి, నీడకు నిలువు పలకలు పెడదామని డ్రాయింగుల దశలోనే చెప్పాను. ఎలివేషన్ పాడవుతుందన్నారు. ఇప్పుడు ఆ ఎండనంతా లోపలికి రానిచ్చి, దాన్ని బయటికి తోడే ఏసీ చిల్లర్లు ఎంత మేలురకమో చూపించి మార్కులు తెచ్చుకోవాలి.

ఏప్రిల్ 9, ఖమ్మం

నాయనమ్మ పెంకుటిల్లు ఉన్న స్థలంలోనే బాబాయి కొత్త ఇల్లు మొదలుపెట్టాడు. నూట ముప్పై గజాలు. పునాదులు లేచాయి. పచ్చడి తిన్నాక ప్లాను తెచ్చి నా ఒళ్లో పెట్టాడు.

"ఏమ్మా, మీ లెక్కలో మన ఇంటికి ఎన్ని మార్కులొస్తాయి?"

ఏం చెప్పాలో తోచలేదు. చిన్న కట్టడాల కోసం 'స్వగృహ' అనే పద్ధతి మన దేశంలోనే ఉంది. టెరీ అనే పరిశోధన సంస్థ, కేంద్ర పునరుత్పాదక ఇంధన శాఖ కలిసి తెచ్చిన 'గృహ' రేటింగుకు అది చెల్లెలు. 2,500 చదరపు మీటర్ల లోపు వాటికి, పద్నాలుగు అంశాలతో సరిపెట్టారు. ఆ పేరు ఎప్పుడైనా విన్నారా అని మేస్త్రీ గారిని అడిగాను. లేదన్నారు. ప్లాను గీసిన ఇంజనీరుకూ తెలియదు.

రేటింగు సంగతి పక్కన పెట్టి, క్యాలెండర్ వెనకవైపు గీశాను. మెట్లు, స్నానాల గది పడమటి వైపుకు జరిపితే సాయంత్రపు ఎండ వాటి గోడలకే తగిలి ఆగిపోతుంది. మెట్లు పడమరకు వెళ్లడం వాస్తుకూ సరిపోయింది కాబట్టి బాబాయి వెంటనే ఒప్పుకున్నాడు. సజ్జ దగ్గరే పేచీ వచ్చింది.

"తొమ్మిది అంగుళాలేస్తాం మేడం, అందరికీ అంతే" అన్నారు మేస్త్రీ గారు.

"రెండడుగులు వేయండి మేస్త్రీ గారూ. దక్షిణం కిటికీలకు ఒక్కటే."

ఆయన ఇనుము లెక్క మొదలుపెట్టారు. ఇటుకలు పాల్వంచ థర్మల్ కేంద్రం బూడిదతో చేసినవే వస్తున్నాయట, అది మాత్రం ఎవరూ చెప్పక్కర్లేకుండానే. థర్మల్ కేంద్రాల బూడిదను చుట్టుపక్కల కట్టడాల్లో వాడాలని కేంద్రం 1999లోనే ఉత్తర్వు ఇచ్చింది. రేటింగులు ఇటువైపు రాకముందే ఒక ఉత్తర్వు, ఒక చవక ధర కలిసి మేస్త్రీ చేతిలో ఇటుకను మార్చేశాయి.

ఏప్రిల్ 16

మాదాపూర్‌లోని మా ఆఫీసు నుంచి పది నిమిషాలు. కొత్తగా చేరిన అమ్మాయిని బొటానికల్ గార్డెన్ దగ్గరున్న గ్రీన్ బిజినెస్ సెంటర్‌కు తీసుకెళ్లాను. ఈ వృత్తిలో ఉన్నవాళ్లందరికీ అది పుట్టిల్లు. భారత పరిశ్రమల సమాఖ్య (సీఐఐ) ఆధ్వర్యంలో భారత గ్రీన్ బిల్డింగ్ కౌన్సిల్ 2001లో మొదలైంది. ఈ భవనానికి 2003లో అమెరికా రేటింగు లీడ్‌లో ప్లాటినం వచ్చింది, ఆ దేశం బయట మొట్టమొదటిది. 2004 జులై 14న అబ్దుల్ కలాం ప్రారంభించారు. ఆ ఫొటో పేపర్లో చూసి కత్తిరించి దాచుకున్నాను.

గుండ్రటి భవనం, మధ్యలో ఆకాశం కనిపించే వాకిలి. కారిడార్లో జాలీ గోడ పక్కన నిలబడ్డాం. బయట మిట్టమధ్యాహ్నం. జాలీ రంధ్రాల్లోంచి నేల మీద పడ్డ వెలుగు చుక్కలు రూపాయి బిళ్లంత ఉన్నాయి. అమ్మాయి ఒక చుక్కలో అరచేయి పెట్టి చూసి, "వెలుతురు ఉంది అక్కా, వేడి లేదు" అంది. గాలిబురుజులు రెండు. వాటిలో నీటి తడి తగిలి చల్లబడ్డ గాలిని ఏసీకి అందిస్తారు, ఏసీకి అంతమేర పని తగ్గుతుంది. మన దక్కన్ ఎండాకాలపు పొడిగాలికి ఇది చక్కగా పనికొస్తుంది. మురుగునీరు రెల్లుజాతి మొక్కల వేళ్ల మధ్య శుభ్రపడి తోటకు పోతుంది.

కరణ్ గ్రోవర్ గీసిన భవనం ఇది. 20 ఏళ్లయినా నాకు ఇక్కడికొస్తే ఊపిరి ఆడుతుంది. నగరంలో దీని తర్వాత ప్లాటినం పుచ్చుకున్న టవర్లలో జాలీ ఎందుకు కనిపించదో అమ్మాయి అడిగింది. దారంతా అదే మాట్లాడుకున్నాం.

ఏప్రిల్ 17, శ్రీరామనవమి

నిన్నటి ప్రశ్నకు నాకు తెలిసిన జవాబు రాసుకుంటున్నాను.

లీడ్ అమెరికాలో 1998లో పుట్టింది. కరెంటు ఆదాకు మార్కులెలా ఇస్తారంటే, మన భవనం పక్కన ఇంకో ఊహా భవనాన్ని నిలబెడతారు. అదే పరిమాణం, అక్కడి ప్రమాణాలతో మామూలుగా కట్టిన ఏసీ భవనం. దానికంటే మనది ఎంత తక్కువ వాడితే అన్ని మార్కులు. అసలు ఏసీయే పెట్టని ఇల్లు వచ్చిందనుకోండి, దానికీ ఏసీ ఉన్నట్టే అనుకుని రెండింటికీ లెక్క కట్టాలి. అంటే ఏసీ లేకుండా బతికేలా కట్టినందుకు పుణ్యం రాదు, చాలా వాడేచోట కాస్త తక్కువ వాడినందుకు వస్తుంది. చలిదేశపు అద్దాల ఆఫీసుకు ఆ పద్ధతి సరిపోతుందేమో. ఫ్యాను కింద జీవితం వెళ్లదీసే దేశానికి అది తప్పు కొలత. 'గృహ' ఏసీలేని భవనాలను కూడా లెక్కలోకి తీసుకునేలా 2007లో వచ్చింది అందుకే. ప్రభుత్వ కట్టడాల్లో దానికి చోటు దొరికింది. మా ఐటీ కారిడార్లో దాని కోసం మా ఆఫీసు తలుపు తట్టినవాళ్లు ఒక చేతి వేళ్లకు మించరు.

కారణం, ఇక్కడ రేటింగు అడిగేది అద్దెకొచ్చే విదేశీ కంపెనీ. వాళ్ల హెడ్డాఫీసుకు తెలిసిన పేరు లీడ్.

ఏప్రిల్ 22

'స్థానిక సామగ్రి' అనే పాయింటు. పాత లీడ్ నియమంలో 500 మైళ్లు, మన లెక్కన 800 కిలోమీటర్లు. హైదరాబాదు మీద కంపాసు మోపి ఆ గీత గీస్తే ముంబై, చెన్నై, బెంగళూరు, నాగపూర్ అన్నీ లోపలే. తాండూరు బండకూ, ముంబై పక్కనుంచి లారీలో వచ్చిన పలకకూ ఒకటే మార్కు ఉండేది.

ఏప్రిల్ 30

ఎక్కువమంది గ్రీన్ కట్టడాల దారికి రావాలంటే ఏం ఆశ చూపాలని ఒక మీటింగు. నోయిడాలో మంచి రేటింగు తెచ్చుకుంటే 5 శాతం అదనంగా కట్టుకోనిస్తారు, ఇక్కడా అలా ఇవ్వమని అడుగుదామన్నారు ఒకరు. హైదరాబాదులో 2006 నుంచి కట్టే విస్తీర్ణానికి (ఎఫ్ఎస్ఐ) హద్దే లేదు. రోడ్డు వెడల్పు, చుట్టూ వదిలే ఖాళీ సరిపోతే ఎంత ఎత్తయినా లేపొచ్చు. హద్దు లేనిచోట అదనం ఎవరికి కావాలి? ఒక ఊరి మందు ఇంకో ఊరికి పనిచేయదని ఇంత తేటగా ఎప్పుడూ అర్థం కాలేదు. ఆస్తిపన్నులో తగ్గింపు అడగమన్నాను. రాసుకున్నారు.

మే 8

నిన్న సాయంత్రం గాలివాన. బాచుపల్లిలో కడుతున్న అపార్టుమెంటు రిటైనింగ్ గోడ కూలి, పక్కన కూలీలుండే రేకుల షెడ్ల మీద పడింది. ఏడుగురు పోయారు. అందులో ఒక పసివాడు. ఒడిశా, ఛత్తీస్‌గఢ్ నుంచి పనికొచ్చినవాళ్లు.

పొద్దున పని చేయబుద్ధి కాలేదు. మా రేటింగుల్లో కార్మికుల వసతికి ఒక అంశం ఉంది. తాగునీళ్లు, మరుగుదొడ్లు, భద్రత. దానికి నేను జతచేసే ఫొటోలన్నీ సైటు వాళ్లు పంపినవే. మా టవర్ లేబర్ క్యాంపుకు నేను ఒక్కసారీ వెళ్లలేదు. ఇవాళ వెళ్లాను. ఫొటోలో ఉన్న మరుగుదొడ్లు నిజంగానే ఉన్నాయి, నీళ్లు లేవు. నాలుగు గంటలప్పుడు రేకుల కింద ఒక బాలింత తడిగుడ్డతో బిడ్డ ఒళ్లు తుడుస్తూ కూర్చుంది. నా దగ్గర థర్మామీటర్ ఉంది. తీయలేకపోయాను.

క్యాంపు వెనక మట్టికట్ట ఉంది. షెడ్లు అక్కణ్నుంచి జరపాలని, నీటి లైను వేయాలని రాతపూర్వకంగా ఇచ్చాను. ఆ రెండూ జరిగేదాకా ఆ పాయింటు కాగితం మీద నా సంతకం ఉండదని కింద రాశాను.

మే 11

షెడ్లు జరిపారు. నీళ్లొచ్చాయి. వెళ్లి కళ్లతో చూసి వచ్చాను.

మే 19, ఆదివారం

మల్కాజిగిరిలో మా అపార్టుమెంటు డాబా. పైఅంతస్తు వాళ్లు ఉండలేకపోతున్నారు. ఈ రోజుల్లో మధ్యాహ్నం సూర్యుడు మనకు దాదాపు నడినెత్తిన ఉంటాడు, గోడలకంటే స్లాబుకే ఎక్కువ ఎండ. పోయిన వారం సగం డాబాకు సున్నం వేయించాం. ఇవాళ రెండున్నరకు వేడి కొలిచే గన్ను పట్టుకుని ఎక్కాను. ఉత్త స్లాబు 59 డిగ్రీలు. రెండు అడుగులు జరిగి సున్నం మీద పెడితే 43. చెప్పులు విప్పి రెండుచోట్లా అడుగుపెట్టి చూశాను. మొదటిచోట క్షణం నిలవలేదు. రెండోచోట నిలబడి, ఈ అంకెలు రాసుకున్నాను.

తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో చలువ పైకప్పుల విధానం తెచ్చింది. అయిదేళ్లలో 300 చదరపు కిలోమీటర్లు, అందులో 200 హైదరాబాదులో. మంచి విధానం, ఇలాంటిది దేశంలో ఏ రాష్ట్రమూ అంతకుముందు చేయలేదు. అయితే ఇళ్లకు తప్పనిసరి చేసింది 600 గజాలు, ఆ పైనున్న స్థలాలకే. వేడికి నిజంగా అల్లాడేది అరవై గజాల రేకుల ఇల్లు. ఈ నగరంలోనే పేదల ఇళ్ల మీద తెల్లటి పొర పరిచి చూసినప్పుడు లోపల సగటున 2 డిగ్రీలు తగ్గింది. సున్నం బస్తా, ఒక కుంచె, ఒక పూట కూలి, అంతే ఖర్చు. చిన్న ఇళ్లకు ప్రభుత్వమే వేయించాలి.

మే 27

మూడేళ్ల కిందట మేం రేటింగు తెప్పించిన ఒక భవనానికి వెళ్లాను. లాబీలో ఫలకం మెరుస్తోంది. నిర్వహణ చూసే ఆయన మంచివారు, పన్నెండు నెలల కరెంటు బిల్లులు ముందు పెట్టారు. అక్కడే కూర్చుని కూడాను. అప్పట్లో కంప్యూటరులో మేం చూపించినదానికంటే మూడో వంతు ఎక్కువ.

"టెనెంటు ఇరవైలో పెట్టమంటాడండీ. మీరు ఇరవై నాలుగని రాసుకున్నారు" అన్నారాయన.

ఒక్కో డిగ్రీ పెంచితే దాదాపు 6 శాతం ఆదా అని ఇంధన సామర్థ్య బ్యూరో ఎన్నేళ్లుగానో చెబుతోంది. పడమటివైపు కూర్చునేవాళ్లకు ఇరవై అయినా చాలడం లేదు. వాళ్లు అద్దానికి లోపలినుంచి అట్టముక్కలు అంటించుకున్నారు. బయటి వెలుతురు కోసం మేం మార్కులు తెచ్చుకున్న అద్దాలవి. అట్టల వెనక పగలే లైట్లు వెలుగుతున్నాయి.

ఆ బ్యూరో దగ్గర 2009 నుంచీ ఆఫీసు భవనాలకు నక్షత్రాల పద్ధతి ఉంది. ఊహా భవనం గొడవ లేదు. ఏడాదికి చదరపు మీటరుకు నిజంగా ఎన్ని యూనిట్లు కాలాయో చూసి ఒకటి నుంచి అయిదు చుక్కలు ఇస్తారు. ఇంట్లో ఫ్రిజ్జు మీద చుక్కలు లెక్కపెట్టి కొనే మనకు ఇంతకంటే తేలికైన కొలత ఉండదు. మా మీటింగుల్లో దాని ఊసే రాదు. ఏటా బిల్లు చూపించాలి కదా.

రేటింగులు రావడం వల్ల ఈ నగరానికి మేలు జరగలేదని నేననను. మురుగునీటిని శుద్ధి చేసి వాడటం, బూడిద ఇటుక, ఎల్ఈడీ, నీళ్లు తక్కువ తాగే కుళాయిలు ఇప్పుడు పెద్ద బిల్డరుకు మామూలైపోయాయి. అలా మామూలు చేసింది ఈ పాయింట్లే. ఇక్కడితో ఆగిపోవడమే నాకు బాధ.

జూన్ 9, ఖమ్మం

బాబాయి ఇంటికి స్లాబు పడింది. నిన్న రాత్రి వాన, క్యూరింగుకు నీళ్లు పెట్టే పని తప్పింది. దక్షిణం సజ్జలు ఒకటిన్నర అడుగు వచ్చాయి. నేనడిగింది రెండు, మేస్త్రీ గారన్నది ముప్పావు. కింద నిలబడి చూశాను.

"పక్కింటాయన చూసి, తనకూ ఇట్లానే పోయమన్నాడు మేడం" అని మేస్త్రీ గారు చెప్పారు.

జూన్ 14

టవర్ ఫైలు ఇవాళ పంపాం. ప్లాటినం వస్తుంది. యజమానికి విడిగా ఒక ఉత్తరం రాశాను: ఏటా కరెంటు, నీళ్ల లెక్కలు లాబీలో ఆ ఫలకం పక్కనే పెట్టమని. జవాబు ఇంకా రాలేదు.

గ్రీన్ అని బోర్డు పెట్టిన చోట ఫ్లాటు చూడ్డానికి వెళ్లేవాళ్లను నేను కోరేది ఒకటే. ఆ బిల్డరు ఇంతకుముందు కట్టి అప్పగించిన అపార్టుమెంటుకు ఒకసారి వెళ్లండి. లిఫ్టు, మోటారు, లైట్లకు పోయిన ఏడాది ఎంత కరెంటు బిల్లు వచ్చిందో, ఎండాకాలం ఎన్ని ట్యాంకర్లు తెప్పించారో అక్కడి సొసైటీ వాళ్లను అడగండి. పడమటి గదిలో మే నెల మధ్యాహ్నం కాసేపు కూర్చోండి. ఆ తర్వాతే అడ్వాన్సు ఇవ్వండి.