పోస్టు చెయ్యని ఉత్తరం

మా అవ్వకు అక్షరం ముక్క రాదు. హోసూరు దిక్కున కెలమంగలం పక్కన మా పల్లెలో కూచోని, కుప్పం దిక్కునుండే చెల్లెలికి ఉత్తరాలు రాయించేది. రాసేది నేను, బడిలో తెలుగు చదివేవాణ్ణి కాబట్టి.

ఒకసారి నీలం ఇన్లాండు కవరు తొడమీద పెట్టుకొని కూచున్నాను. అవ్వ రాగులు చెరుగుతా చెప్పింది: "ఎర్రావు ఈనింది, కోడెదూడ. వానల్లేవు, రాగిపైరు మాడిపోతా ఉండాది. ఈ తూరి తిరనాళ్లకు రాకపోతే దాని మొగం జన్మలో సూడనని రాయి." నేను రాశాను. చదివి వినిపించమంది. "ఇచ్చట మేమందరము క్షేమము. అచ్చట మీరందరు క్షేమమని తలంచెదను. ఎర్ర ఆవు ఈనినది. వర్షములు లేక పంటలు ఎండిపోవుచున్నవి. ఉత్సవమునకు తప్పక రాగలరు."

చేట ఆగింది. "నేను తిట్టింది యాడుండాదిరా?"

ఆ ఉత్తరం డబ్బాలో పడలేదు. ఆ వారం సంతకు పొయ్యేవాళ్ల నోట కబురంపింది, తిట్టుతో సహా.

అయినా నేను చేసిన తప్పేంటి? తెలుగు రాయడమంటే అట్లాగే రాయాలని బడి నేర్పింది. మా తెలుగు నోటికి, సంగటి ముద్దకి; కాగితం ఎక్కాలంటే వేషం మార్చుకోవాల్సిందే. తమాషా ఏమంటే ఆ కాగితం తెలుగు ఎక్కడో దూరం నుంచి వచ్చిందేమీ కాదు. 1914లో ఆంధ్రపత్రిక దినపత్రికయిందీ, 1947లో చందమామ పుట్టిందీ మా రాజధాని మద్రాసులోనే. రేడియో వార్తలొస్తే అవ్వ "వీళ్లది ఏవూరు?" అనడిగేది. సిలోను రేడియోలో తెలుగు పాటలు వినిపించే మీనాక్షి పొన్నుదురై గొంతు వింటే మాత్రం చేట పక్కన పెట్టేది. సముద్రం అవతలి మనిషి దగ్గరిదయింది, ఢిల్లీ నుంచి వార్తలు చదివే తెలుగాయన పరాయివాడయ్యాడు. దానికి కారణం నాకిప్పటికీ సరిగ్గా అంతుపట్టలేదు. పాటల మధ్యన మాటలు కొంచెమే కావడం వల్లనేమో.

ఆ రేడియో పెట్టె పోయింది. ఆ తరవాత బడిలో తెలుగు వంతొచ్చింది. 2006లో తమిళనాడు బళ్లలో తమిళం తప్పనిసరి చేస్తూ చట్టమొచ్చింది, 2016కి పదో తరగతి దాకా చేరింది. తమిళం నేర్చుకోవడానికి మాకేం బాధ లేదు, హోసూరు అంగట్లో మూడు భాషలు కలిపి బేరం చేసేవాళ్లం. బాధంతా తెలుగు పలక ఇంట్లోంచి పోవడమే. రచయిత స.వెం. రమేశ్ వంటివాళ్ల పూనికతో మా సీమ కతలు ‘మొరసునాడు కతలు’ పేరుతో అచ్చయ్యాయి. అవ్వ నోటి తెలుగు అచ్చులో కనిపించిన రోజున ఆ పుస్తకం పట్టుకొని చదవగలిగే పిల్లలు మా వీధిలో వేళ్లమీద లెక్కపెట్టేంత మందే.

మొన్న ట్రంకుపెట్టె దులుపుతుంటే నీలం కవరు దొరికింది, మడతల్లో చిరిగి. మనవరాలికి తెలుగక్షరాలు రావు. "చదువు తాతా" అంది. చదివాను. రోజూ ఇంట్లో తెలుగే మాట్లాడే పిల్ల, సగం అర్థంకాక మొగం చిట్లించింది.

"అవ్వ ఇట్ల మాట్లాడుతా ఉన్నిందా?"

కవరు మడిచి, ఎర్రావు దగ్గర్నించి మొదలుపెట్టాను. తిట్టు దగ్గరికొచ్చేసరికి అది కిలకిలా నవ్వింది.