“పైన మనవాళ్లున్నారు” అన్నవాడి కథ

కొంచెం పెద్ద పోస్టు, చివరిదాకా చదవండి.

మా గూడేనికి ఒకాయన వచ్చాడు. లోన్ ఫైలు కదిలిస్తా, పైన మనవాళ్లున్నారు అన్నాడు. ఇంటికింత అని వసూలు చేసి ఇచ్చాం. రసీదు అడగలేదు. అడిగితే ఏమనుకుంటాడో అని మొహమాటం. లోనూ రాలేదు, ఆయనా మళ్లీ రాలేదు. చదువు లేకే మోసపోయాం అని చాలా కాలం సిగ్గుపడ్డాం.

జాక్ అబ్రమాఫ్ కేసు గురించి చదివాక ఆ సిగ్గు కొంత తగ్గింది.

ఈయన అమెరికాలో రిపబ్లికన్ పార్టీ పెద్దలకు దగ్గరివాడు. విద్యార్థి నాయకుడిగా మొదలై వాషింగ్టన్‌లో పెద్ద లాబీయిస్టు అయ్యాడు. లాబీయిస్టు అంటే డబ్బు తీసుకుని ప్రభుత్వం దగ్గర మన పని మాట్లాడిపెట్టేవాడు. అక్కడి ఆదివాసీ తెగలు కొన్ని తమ నేల మీద కాసినోలు నడుపుతాయి. ఆ ఆదాయంతోనే వైద్యం, చదువు, ఉద్యోగాలు. ఆ కాసినోలకు ఆపద రాకుండా చూస్తానని ఈయన చేరాడు.

టెక్సాస్‌లోని టిగువా తెగకు చేసింది చూడండి. వాళ్ల కాసినో మూయించాలనే ప్రచారానికి అబ్రమాఫ్, అతని జతగాడు మైఖేల్ స్కాన్‌లన్ చాటుగా పని చేశారు. 2002లో కాసినో మూతపడింది. వెంటనే వీళ్లే వెళ్లి, తెరిపిస్తాం అన్నారు. అబ్రమాఫ్ తనకు ఫీజే వద్దన్నాడు. స్కాన్‌లన్ కంపెనీకి మాత్రం 42 లక్షల డాలర్లు కట్టించాడు. అందులో తనకూ వాటా ఉందని చెప్పలేదు. కాసినో తెరుచుకోలేదు. మొత్తం 6 తెగలు స్కాన్‌లన్ కంపెనీలకు కట్టింది దాదాపు 6 కోట్ల 60 లక్షల డాలర్లు. వెనకాల ఈమెయిళ్లలో ఆ తెగలవాళ్లను కోతులని రాసుకున్నాడు.

బయటపడింది ఎలా? సాగినా చిప్పెవా, కౌషట్టా తెగల కౌన్సిల్ సభ్యులే కొందరు ‘ఇంత డబ్బు దేనికి?’ అని అడిగారు. సొంతవాళ్లే కసురుకున్నా వదల్లేదు. 2004లో పత్రికలో వచ్చింది. సెనేట్ ఆదివాసీ వ్యవహారాల కమిటీ విచారణ పెట్టింది. అప్పటి అధ్యక్షుడు బెన్ నైట్‌హార్స్ క్యాంప్‌బెల్ కూడా ఆదివాసే, షెయెన్ తెగ.

2006 జనవరిలో అబ్రమాఫ్ కుట్ర, మోసం, పన్ను ఎగవేత నేరాలు ఒప్పుకున్నాడు. మూడున్నరేళ్లు జైల్లో ఉన్నాడు. ఇతని దెబ్బకే లాబీయింగ్ చట్టాన్ని గట్టి చేశారు. 2020లో మళ్లీ ఆ చట్టం కిందే కేసులో ఇరుక్కున్నాడు!

లాయర్లున్న తెగలే మోసపోయాయి. కాబట్టి లోపం మన చదువులో ఒక్కదాన్లోనే లేదు. లెక్క అడగడానికి మనం పడే మొహమాటంలో కూడా ఉంది.

అందుకే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈసారి సెలవులకు ఇంటికెళ్తే ఒక పని చేయండి. ఊరి తరఫున ఎవరికి డబ్బు పోతోందో, కాగితం ఏముందో గ్రామసభలో అడగండి. ఫీజు వద్దన్నవాణ్ణి రెండుసార్లు అడగండి. పెద్దోళ్లు కోప్పడతారు. పడనీండి. మా గూడెంలో ఆ రోజు ఒక్కరు అడిగుంటే చాలేది.

జై ఆదివాసీ.