తొలకరి ఆటలు

రైతు తొలకరి చినుకును చూసినట్లే ఫుట్‌బాల్ అభిమాని తన క్లబ్బు ఆడే మొదటి నాలుగైదు ఆటలను చూస్తాడు. పడినది ఒక్క జల్లే అయినా అతని మనస్సు కోతల వరకు పరుగెత్తిపోతుంది. తొలి ఆట గెలిస్తే, రాబోయే కప్పు బరువెంతో అప్పుడే తూచుకొంటాడు. ఓడితే, ఈ ఏటికి ఇంతే ప్రాప్తమని నిట్టూరుస్తాడు. ఈ తొందర అభిమానికి సహజగుణం. దానిని మానుకొమ్మని చెప్పటానికి నేను పూనుకోలేదు. తొలి ఆటలలో నిజంగా చూడవలసినది ఏది, చూసినా మరచిపోవలసినది ఏది అన్న సంగతి ఆరు సీజన్ల పాటు ఒక క్లబ్బును వెంబడించి కొంత తెలుసుకొన్నాను. దానిని చదువరుల ముందు ఉంచటమే నా ఉద్దేశం.

నా క్లబ్బు హైదరాబాదుది. నా నివాసం కోని. బిలాస్‌పూర్ నగరానికి ఉత్తరాన, అర్పా నది ఒడ్డున ఉన్న ప్రదేశమిది. 1983లో స్థాపింపబడి, 2009లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైన గురు ఘాసీదాస్ విశ్వవిద్యాలయం ఇక్కడనే ఉన్నది. వేసవిలో నది ఇసుకగా మారుతుంది. వానలు వెనుదిరిగే వేళకు నిండుగా ఉంటుంది. మన దేశంలో ఫుట్‌బాల్ లీగ్ చాలా సంవత్సరాలు ఆ వేళకే మొదలయ్యేది. కనుక నా మనస్సులో నిండిన అర్పా నదికీ తొలి ఆటలకూ ఒక పొత్తు కుదిరినది.

తెలుగువాడు ఇక్కడకు ఎట్లా వచ్చినాడు అని అడిగితే, రైలు తెచ్చినదని చెప్పాలి. 1887లో బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ ఏర్పడినది. 1891 నాటికి నాగపూర్ నుండి ఆసన్‌సోల్ పోయే దారిలో బిలాస్‌పూర్ ఒక ముఖ్యమైన మజిలీ అయినది. 1931లో రాయపూర్, విజయనగరం మార్గం పూర్తయిన తరువాత ఉత్తరాంధ్ర జిల్లాల నుండి ఈ వైపుకు రావటం సులభమైనది. మా తాతగారు ఆ దారినే వచ్చినారు. మా నాన్నగారు రైల్వేలో బండ్ల పరీక్షకుడుగా పనిచేసినారు. మా కాలనీలో ఒక గోడకు ఇటు తెలుగు, అటు బెంగాలీ, వీధి దాటితే ఒడియా, బజారులో హిందీ, ఛత్తీస్‌గఢీ. ఈ భాషలన్నిటికీ సాయంకాలం ఉమ్మడిగా ఉన్నది మైదానంలోని బంతి ఒక్కటే.

పెద్దలు బి.ఎన్.ఆర్. అనే మాటను రెండు అర్థాలలో వాడేవారు: ఒకటి రైలు, రెండు కలకత్తాలోని రైల్వే ఫుట్‌బాల్ జట్టు. 1944లో కంపెనీని ప్రభుత్వం స్వాధీనం చేసుకొన్నది. 1955లో ఆగ్నేయ రైల్వే ఏర్పడినది. అయినా జట్టు మాత్రం ఆ పాత పేరుతోనే ఆడినది. సికింద్రాబాదు మైదానాల నుండి వచ్చి ఈస్ట్ బెంగాల్‌లో పేరు గడించిన తులసీదాస్ బలరాం 1963లో ఆ జట్టులో చేరినాడు. 1964 ఆసియా కప్పులో దక్షిణ కొరియాపై భారతదేశం 2–0తో గెలిచినప్పుడు మొదటి గోలు అప్పలరాజుది. ఆ పేరు వినగానే కాలనీలోని ప్రతి తెలుగు ఇంటికీ సింహాచలం అప్పన్న గుర్తుకు వచ్చేవాడు. మేము పుట్టకముందు జరిగిన ఈ సంగతులన్నీ భోజనాల వేళ విని పెరిగినాము.

అందువలన 2019లో హైదరాబాదు ఫుట్‌బాల్ క్లబ్బు వెలసి ఇండియన్ సూపర్ లీగ్‌లో ప్రవేశించగానే, నేను ఒక్క రోజైనా నివసించని ఆ నగరపు జట్టును నాదిగా చేసుకొన్నాను. విజయనగరం వారికి హైదరాబాదు సొంత ఊరు ఎట్లా అవుతుందని శంకించవచ్చును. ప్రవాసికి భాషే చాలినంత ఊరు.

ఇక తొలి ఆటల లెక్క చెప్తాను. 2019 అక్టోబరులో కలకత్తాలో మొదటి ఆటలోనే మా జట్టు 0–5తో ఓడినది. ఆ సీజను చివర పదవ స్థానంలో, అనగా అట్టడుగున, నిలిచినది. 2020లో తొలి ఆట ఒడిశాపై 1–0తో గెలిచినది. చివరకు అయిదవ స్థానం. 2021లో తొలి ఆట చెన్నై చేతిలో 0–1తో ఓడినది. ఆ సీజనులోనే కప్పు గెలిచినది. 2022లో ముంబైతో 3–3 డ్రా. లీగ్‌లో రెండవ స్థానం. 2023లో ఈస్ట్ బెంగాల్ చేతిలో 1–2 ఓటమి, మళ్లీ అట్టడుగు. 2024లో బెంగళూరులో 0–3. పదమూడు జట్లలో పన్నెండవది. తొలి ఓటములు నాలుగు. వాటిలో మూడు పాతాళానికీ ఒకటి శిఖరానికీ దారితీసినవి. గెలిచిన తొలి ఆట ఒక్కటే, అది మధ్యలో వదలిపెట్టినది. జ్యోతిష్కుడు ఈ లెక్కతో ఏ జాతకమూ వ్రాయలేడు.

2023 అక్టోబరులో ఒక సాయంకాలం ఈ లెక్కనే మా పొరుగున ఉండే బెంగాలీ పెద్దమనిషికి వినిపించినాను. ఆయన ఇంజను డ్రైవరుగా పనిచేసి విశ్రాంతి తీసుకొంటున్నవారు. మోహన్ బగాన్ భక్తులు. వారి క్లబ్బు 1889లో పుట్టినది. మా బిలాస్‌పూర్ మీదుగా ఆసన్‌సోల్‌కు దారి పడక ముందే వారికి క్లబ్బు ఉన్నదన్న మాట.

“మీ జట్టుకు వయస్సెంత, భాయీ?” అని హిందీలో అడిగినారు.

“నాలుగేళ్లు, దాదా.”

“అయితే మీకు ప్రతి ఏడూ తొలకరే. మాకు ఒక ఏడు వాన లేకపోతే చెరువులో నీళ్లు ఉంటాయి.”

ఆయన ఎగతాళికి అన్న మాట కాదు. పాత క్లబ్బు అభిమాని మొదటి అయిదు ఆటలు ఓడినా నిద్రపోగలడు. వెనుక నూరేళ్లకు పైబడిన నిలువ ఉన్నది. కొత్త క్లబ్బు అభిమానికి ఆ నిలువ లేదు. అతడు ప్రతి ఆటలోను పాయింట్లను మాత్రమే కాక, తన క్లబ్బు వచ్చే ఏటికి ఉంటుందా అన్న ప్రశ్నను కూడా లెక్కించుకొంటాడు.

ఆ ప్రశ్నకు జవాబు స్కోరులో దొరకదు. అది ఎక్కడ దొరుకుతుందో మా నాన్నగారి పనిని బట్టి నాకు తెలిసినది. బండి వచ్చి ఆగగానే ఆయన చక్రాల ప్రక్కన వంగి, ఇరుసు పెట్టె మీద చేయి ఆన్చి వేడిని పరీక్షించేవారు. బండి వేళకు వచ్చినదా, ఆలస్యమైనదా అన్నది ఆయనకు పట్టేది కాదు. ఆలస్యంగా బయలుదేరిన బండి దారిలో ఆ కాలాన్ని పూడ్చుకోవచ్చును. ఇరుసు కాలిపోతున్న బండి వేళకు బయలుదేరినా గమ్యం చేరదు అనేవారు.

2021, 2023 తొలి ఆటలను ఈ విధంగా చేయి ఆన్చి చూడండి. రెండింటిలోను ఓటమి ఒక్క గోలు తేడాతోనే. పత్రికలో స్కోరు చదివినవానికి రెండూ ఒకటే. కాని 2021లో ఓడిన జట్టులో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి, కుర్రవాడు ఆకాశ్ మిశ్రా, నాయకుడు జోవావ్ విక్టర్ నిరుటి నుండి కలిసి ఆడుతున్నవారే. శిక్షకుడు స్పెయిను దేశీయుడైన మనోలో మార్కెజ్ కూడా 2020 నుండి ఉన్నవాడే. ముందు వరుసకు నైజీరియా దేశపు బార్తలోమ్యూ ఒగ్బెచే తోడైనాడు. ఆ సీజనులో అతడు 18 గోళ్లు చేసినాడు. తొలి ఆట ఓడిన నాలుగు రోజులకే ముంబైని 3–1తో గెలిచినారు. ఇరుసు చల్లగా ఉన్నది, బండి ఆలస్యమైనది, అంతే.

2023లో ఇది తలక్రిందులైనది. మార్కెజ్ గోవా జట్టుకు వెళ్లినాడు; ఒగ్బెచే లేడు; ఆకాశ్ మిశ్రా లేడు. జీతాల బకాయిలు, కొత్త ఆటగాళ్ల నమోదుపై నిషేధం, సీజను నడుమ వెళ్లిపోయే ఆటగాళ్లు. ఇవి ఆనాటి పత్రికలలో ప్రతివారం చదివిన వార్తలు. ఆ ఈస్ట్ బెంగాల్ ఆటలో మొదటి గోలు మా జట్టుదే. చివరి నిమిషాలలో ఓడినారు కనుక, పౌరుషంగానే ఓడినారని చాలామంది అనుకొన్నారు. ఆ ఏడు 22 ఆటలలో గెలిచినది ఒక్కటి. వచ్చిన పాయింట్లు 8.

హిందీ పత్రికలలో ఆటగాడు బాగా ఆడుతున్నాడని చెప్పటానికి ‘లయలో ఉన్నాడు’ అని వ్రాస్తారు. మన పత్రికలు ‘ఫామ్’ అన్న ఇంగ్లీషు మాటనే ఉంచుకొన్నవి. రెండు భాషల నడుమ బ్రతికేవాడిని కనుక ఈ రెండు మాటలనూ చాలాసార్లు తూచి చూసినాను. ఫామ్ ఒక మనిషిది. నేడు ఉంటుంది, రేపు పోతుంది. లయ పదిమంది కలిసి నిలుపవలసినది. తొలి ఆటలలో ఒకడి ఫామ్ కనపడకపోయినా విచారింపనవసరం లేదు. లయ తప్పినదంటే మాత్రం, తాళం వేసే చేయి ఎక్కడో ఆగినదని తెలుసుకోవాలి.

ఈ విద్యలో మన అందరికీ గురువు హైదరాబాదులోనే ఉండేవాడు. సయ్యద్ అబ్దుల్ రహీం ఉపాధ్యాయుడు; ఆయన తీర్చిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదు రోవర్స్ కప్పులు గెలిచినది. 1962లో జకార్తా ఆసియా క్రీడలకు ఆయన భారత జట్టును తీసుకొనిపోయినాడు. తొలి ఆటలో దక్షిణ కొరియా చేతిలో 0–2తో ఓడినారు. ఆ రాత్రికే జాతకం వ్రాసినవాడు స్వర్ణపతకాన్ని ఊహించి ఉండడు. తరువాత థాయిలాండుపై 4–1, జపానుపై 2–0, దక్షిణ వియత్నాంపై 3–2. తలకు గాయమై కుట్లు పడిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను రహీం ముందు వరుసలో నిలిపినాడు. సెప్టెంబరు 4న ఫైనల్‌లో అదే దక్షిణ కొరియాపై భారతదేశం 2–1తో గెలిచినది, గోళ్లు పి.కె. బెనర్జీవి, జర్నైల్ సింగ్‌వి. మరుసటి ఏడు రహీం కన్నుమూసినాడు. తొలి ఓటమిలో ఆయన చూసినది స్కోరును కాదు, తన మనుషులను.

మా క్లబ్బుకూ అటువంటి రాత్రి ఒకటి ఉన్నది. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్దా మైదానంలో ఫైనల్. గ్యాలరీలు కేరళ అభిమానులతో పసుపుపచ్చగా నిండినవి. కాని మైదానంలో పసుపు ధరించినది హైదరాబాదు. కేరళ ముందుగా గోలు చేసినది. 88వ నిమిషంలో సాహిల్ తవోరా సరిచేసినాడు. పెనాల్టీల పోటీలో కట్టిమణి మూడింటిని ఆపినాడు, 3–1. రోగభయం వలన ఆ సీజను లీగ్ ఆటలన్నీ ప్రేక్షకులు లేకుండా గోవాలోనే జరిగినవి. హైదరాబాదు వాసి కూడా నాలాగే తెర ముందు కూర్చొన్నాడు. ఆ ఒక్క ఏడు అతనికీ నాకూ క్లబ్బు సమదూరంలో ఉన్నది.

2024లో కొత్త యాజమాన్యం వచ్చినది. అక్టోబరులో కలకత్తాలో మహమ్మదన్ స్పోర్టింగ్‌పై 4–0, నవంబరులో కొచ్చిలో కేరళపై 2–1 విజయాలు చూసి తొలకరి మళ్లీ వచ్చినదని ఆశపడినవారు ఉన్నారు. వారిలో నేనూ ఒకడిని. అభిమాని ఆశపడటం తప్పుకాదు. 2025లో క్లబ్బు ఢిల్లీకి తరలిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయినది. రైలు వెంబడి వచ్చిన మేము ఊరు విడిచినాము గాని పేరు విడువలేదు. బి.ఎన్.ఆర్. జట్టు కంపెనీ పోయిన తరువాతను దాని పేరును మోసినది. నా క్లబ్బు ఊరినీ పేరునూ ఒక్కసారే విడిచినది. ఇరుసు ఏనాడు వేడెక్కినదో తెలిసి ఉండటం దుఃఖాన్ని తగ్గించలేదు. ఆశ్చర్యాన్ని మాత్రం తగ్గించినది.

అయినా కోపగించుకొనే హక్కు నాకు పూర్తిగా లేదు. 2019లో పూణె క్లబ్బు మూతపడినందువలననే లీగ్‌లో హైదరాబాదుకు చోటు దొరికినది. మేము తొలి ఆట కొరకు ఎదురుచూస్తున్న ఆ రోజులలో పూణెలో ఎవరో అభిమాని తన కండువాను మడిచి పెట్టెలో పెట్టుకొని ఉంటాడు. అతనిని మేము తలచుకోలేదు. ఇప్పుడు ఢిల్లీలో ఏ కుర్రవాడో ఈ జట్టును తనదిగా చేసుకొంటాడు. తొలి ఆట ఓడితే ఆ రాత్రి అన్నం తినడు. అతనిపై నాకు అసూయ లేదు. స్కోరును మరచిపొమ్మని, నిరుటి మనుషులలో ఎందరు మిగిలినారో, వారికి జీతాలు అందుతున్నవో లేవో కనుక్కొమ్మని మాత్రం చెప్పాలని ఉన్నది. ఆ రెండూ సరిగా ఉంటే, అయిదు గోళ్లతో ఓడినా ఆ పిల్లవాడు నిశ్చింతగా నిద్రపోవచ్చును.